గోడలో సముద్రం

చెత్త బస్తా నెత్తిన పెట్టుకుని అక్క మెట్లు దిగుతోంది. పొద్దుటినుంచి మోస్తూనే ఉంది, పై హాల్లో పగలగొట్టిన గోడ మాత్రం తరగడం లేదు. వెనకాలే ఇంకో బస్తాతో దిగుతున్న చెల్లెలు, "అక్కా, ఇంత గోడ కూలగొట్టి దాని చోట గాజు గోడ పెడతారంట. మనకి పనిలేకుండా పోతుందని ఎంత బెంగో చూడు వీళ్ళకి!" అంది. అక్కకి నవ్వొచ్చింది గానీ, నవ్వితే బస్తా జారుతుందని పళ్ళు బిగబట్టుకుంది.

ఇంటాయనకి హాల్లో సముద్రం పెట్టుకోవాలని ముచ్చట. ముచ్చట పడటం తప్పేం కాదు లెండి. ఇల్లంతా కొత్తగా చేయిస్తూ, హాలుకీ పడగ్గదికీ మధ్య గోడ తీసేసి, అక్కడ నిలువెత్తు గాజుతొట్టి పెట్టిస్తున్నాడు. అందులో ఉప్పునీళ్ళు, నీలం దీపాలు, అలలు పుట్టించే మోటార్లు, రంగురంగుల చేపలు, పగడాలు. ఆ బరువుకి నేల కుంగకుండా ఇనప దూలాలు వేయించి, దిమ్మె కట్టింది చెల్లెలి మొగుడు. అందరూ అతన్ని మేస్త్రి అనే పిలుస్తారు. అన్నాళ్ళూ ఎవరి కిందో పనిచేసిన మనిషికి సొంతంగా ఒక ఇంటి పనంతా దక్కడం ఇదే మొదలు. పెళ్ళాన్నీ వదిననీ కూలికి పెట్టుకున్నదీ అతనే.

భోజనాలయ్యాక చేపలాయన వచ్చాడు. ఇలాంటి తొట్లు అమర్చడమే ఆయన పని. వ్యాన్లోంచి టబ్బుల కొద్దీ సముద్రపు రాళ్ళు దింపించాడు. ఎవరో ఎత్తేసిన తొట్టిలోవట, ఒంటినిండా చిల్లులతో తేలిగ్గా ఉన్నాయి. కొన్నిటి మీద మాత్రం చొక్కా గుండీల్లాంటి గోధుమరంగువేవో గుత్తులుగా పట్టుకుని ఉన్నాయి. చేపలాయన మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, కళ్ళకి అద్దాలు తగిలించుకుని, ఆ రాళ్ళని విడిగా ఒక టబ్బులోకి తీశాడు.

"సార్, ఇవి పారేద్దాం. వీటి మీద పెరిగినవి మంచివి కావు."

"పారేయడానికా అంత పోసి కొన్నది? ఆ పాచి గీకిస్తే రాయి రాయిలాగే ఉంటుంది," అన్నాడు ఇంటాయన. ఆ టబ్బులో ఒక్క రాయి ఖరీదు అక్కచెల్లెళ్ళిద్దరి నెల కూలి.

చేపలాయన గొంతు తగ్గించి ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పాడు. చాలాసేపు ఏవో జాగ్రత్తలు చెప్పాడు. ఇంటాయన తలాడించాడు. పక్కనే ఊడుస్తున్న అక్కకి అర్థమైన ముక్క ఒక్కటే, కుక్కని ఇటు రానివ్వద్దని. ఇంటాయన అప్పటికప్పుడు లేచి, కుక్కని కింద గదిలో పెట్టి గడియ వేసొచ్చాడు. చేపలాయన తన తొడుగులు తాను తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇంటాయన చెల్లెల్ని పిలిచాడు. "పాత బాత్‌రూమ్‌లో కూచుని వీటిని తెల్లగా వచ్చేదాకా రుద్దు. తలుపు మూసుకో, లేకపోతే ఈ దుమ్మంతా వాటి మీద పడుతుంది."

అంతే చెప్పాడు. మనిషికి చెప్పాల్సింది ఇంకేమీ లేదనుకున్నాడు కాబోలు.

చెల్లెలికి వేణ్ణీళ్ళంటే మహా నమ్మకం. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారింట్లో మాడిపోయిన గిన్నెలన్నిటినీ సలసల కాగే నీళ్ళతో తళతళలాడించి, "పిల్ల పనిమంతురాలే," అనిపించుకుంది. అప్పటినుంచీ మరక కనిపిస్తే చాలు, కయ్యానికి కాలు దువ్వుతుంది. ఇనప బ్రష్షుతో ఎంత తోమినా ఆ గుండీలు ఊడిరాలేదు. తలుపు ఓరగా తీసి కేకేసింది.

"అక్కా, కాసిని నీళ్ళు మరగబెట్టి తేవే! ఇవి నాతో పంతానికొచ్చాయి. వీటి సంగతో నా సంగతో తేలాల్సిందే!"

"చేతులు కాల్చుకునేవు, జాగ్రత్త," అంటూ అక్కే నీళ్ళు కాచి తెచ్చింది. చెల్లెలు రాళ్ళ మీద కుమ్మరించింది. గది నిండా గుప్పున ఆవిరి లేచింది. గుమ్మంలో నిలబడ్డ అక్కకే గొంతు మండింది. "ఏం కంపే ఇది!" అని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది. చెల్లెలు తలుపు మూసుకుంది.

కాసేపటికి చెల్లెలు బయటికొచ్చింది. "నోట్లో ఇనప మేకులు పెట్టుకున్నట్టుందే అక్కా," అని ఉమ్మింది. మళ్ళీ ఉమ్మింది. దగ్గు మొదలైంది. వేళ్ళు కొంకర్లు పోయాయి. అక్క పరుగెత్తేలోపే గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. లోపల టబ్బులో రాళ్ళు మాత్రం ఇంటాయన అడిగినట్టే తెల్లగా ఉన్నాయి.

ఆసుపత్రికి ఇంటాయనే తన కారులో తీసుకెళ్ళాడు, ఆ మాట చెప్పుకోవాలి. దారిలో పక్క సీట్లో ఉన్న మేస్త్రితో మెల్లగా అన్నాడు: "అడిగితే గోడ దుమ్ము పీల్చిందని చెప్పు. రాళ్ళ సంగతి ఎత్తితే లేనిపోని గొడవ. ఖర్చంతా నేను చూసుకుంటాను, నీ పని నీకే ఉంటుంది. అయినా వేణ్ణీళ్ళు పొయ్యమని నేను చెప్పానా?"

వెనక సీట్లో చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకున్న అక్క అంతా వింది. నీళ్ళు కాచిచ్చింది తనేనని తలుచుకుంటూ చెల్లెలి నోరు కొంగుతో తుడిచింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల. పొద్దుటినుంచి కూచున్నట్టు లేదు, మొహం వాడిపోయింది. చెల్లెల్ని చూసి, ముక్కుకి గాలిగొట్టం పెట్టించి, తెర లాగి ఇవతలికొచ్చింది.

"ఏం పీల్చింది?"

"దుమ్మండి," అన్నాడు మేస్త్రి.

"దుమ్మయితే మందు పట్టించి సాయంత్రానికి పంపేస్తాం. కానీ గుండె కొట్టుకునే తీరు నాకు నచ్చడం లేదు. ఇంకేదైనా అయితే ఇప్పుడే చెప్పండి. ఇక్కడే ఉంచి కనిపెట్టుకుని ఉండాలి. తెలీక ఇంటికి పంపితే దారిలోనే ప్రాణం పోవచ్చు."

"దుమ్మేనండి," అన్నాడు మేస్త్రి. అతని చూపు నేల మీదే ఉంది.

అక్క అతన్ని పక్కకి లాగింది. "ఏంట్రా ఆ మాట? అది నీ పెళ్ళాం!"

"వదినా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆయన చేతులెత్తేస్తే దాన్ని ఇక్కడ ఉంచుకోనైనా ఉంచుకోరు. నా దగ్గర ఏముంది? ఈ పని పోతే మళ్ళీ నన్ను పిలిచేదెవరు?"

"మనిషే పోతే?"

అతను బల్ల మీద కూలబడ్డాడు. సిమెంటు అంటిన చేతులతో మొహం కప్పుకుని పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. పాపం, అతన్ని తిట్టడానికి కూడా అక్కకి నోరు రాలేదు.

డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, "దుమ్ము కాదమ్మా. సముద్రపు రాళ్ళు. వాటి మీద ఏవో మొలిచి ఉన్నాయి, వాటి మీద మరిగే నీళ్ళు పోసింది. నీళ్ళు కాచింది నేనే," అంది.

డాక్టరమ్మ మొహం మారిపోయింది. "ఏం మొలిచాయి? వాటి పేరేంటి?"

"నాకు తెలీదు. ఆయనకి తెలుసు."

ఇంటాయన అప్పటికే ఫోను చెవికి ఆనించుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. అక్క పరుగున వెళ్ళి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. అలాంటివాళ్ళు ఎదురొస్తే గోడకి ఒదిగిపోయి దారిచ్చే మనిషి ఆమె.

"చేపలాయన మీకు పేరు చెప్పాడు. అది చెప్పండి సార్."

"ఏమో, గుర్తులేదు. వదులు."

"ఆయనకి ఫోన్ చేసి అడగండి."

"నీళ్ళు కాచింది నువ్వు, పోసింది నీ చెల్లెలు. మధ్యలో నన్నెందుకు లాగుతావు?"

"నేనే కాచాను. ఎవరడిగినా చెప్తాను. ముందు పేరు చెప్పండి."

"చెయ్యి తియ్యి! అందరూ చూస్తున్నారు."

"చూడనీండి."

ఆయన విదిలించుకోబోయాడు. భుజం దగ్గర కుట్టు పిటుక్కుమంది. డాక్టరమ్మ చేతిలో కలం పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

తెర వెనక అప్పటిదాకా తెరలు తెరలుగా వినిపిస్తున్న దగ్గు ఆగిపోయింది. డాక్టరమ్మ లోపలికి పరుగెత్తింది. మేస్త్రి లేచాడు. ఎందుకు ఆగిందో చూడటానికి అక్క వెనక్కి తిరగలేదు. తిరిగితే పట్టు వదులవుతుందని, రెండో చేత్తో కూడా ఆ చొక్కాని పట్టుకుంది.

"పేరు చెప్పండి," అంది.