సందీప్ బదులు సందీప్ వాళ్లమ్మ

కోత ముఠాలో ఓ మనిషి రాకపోతే, అతని బదులు చెట్టెక్కి కాలు విరగ్గొట్టుకుని దిగాడు సందీప్. నూజివీడులో ఇంటింటికీ భోజనం పార్శిళ్లు అందించేవాడికి మామిడిచెట్టుతో పనేంటని వాళ్లమ్మ ప్రమీలారాణి అడగలేదు. తోట తమదే మరి.

వాడి బెంగ కాలు గురించి కాదు, డెలివరీ యాప్‌లో ఉన్న ఐడీ గురించి. వారం రోజులు యాప్ తెరవకపోతే ఐడీ పోతుంది. పోతే మళ్లీ ఎప్పుడిస్తారో తెలీదు.

"సెలవు పెట్టరా."

"నాకు సెలవులెక్కడివమ్మా? నేను ఉద్యోగిని కాదు, పార్టనర్‌ని."

"అయితే ఇంకేం, మనిషిని పంపు. ముఠాలో ఒకళ్లు రాకపోతే ఆ ఇంట్లోంచి ఇంకొకళ్లు వస్తారుగా."

"అలా పంపకూడదంట."

"ఉద్యోగివి కాదంటారు, మళ్లీ నువ్వే రావాలంటారు. ఏం చోద్యంరా! నువ్వు వాడి బదులు చెట్టెక్కావు. నేను నీ బదులు బండెక్కుతా."

పొద్దున్నే మంచం మీంచే వాడు, పనిలోకి దిగింది తనేనని యాప్‌కి సెల్ఫీ దిగేవాడు. ఆ ఫోను, సంచీ తీసుకుని ఆవిడ స్కూటీ ఎక్కేది. చల్లారిన బిర్యానీని హోటల్ వాళ్లచేత మళ్లీ వేడి చేయించేది. ప్రతి పార్శిల్‌తో ఓ చిన్నరసం పండు ఇచ్చేది. రోజూ నూడుల్స్ తెప్పించుకునే బ్యాంకు కుర్రాడికి ఎసరు కొలత నేర్పి వచ్చింది. వాడు మర్నాటి నుంచి ఆర్డరే పెట్టలేదు. ఆ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

నెల తిరిగేసరికి సందీప్ రేటింగ్ నాలుగు పాయింట్ ఒకటి నుంచి నాలుగు పాయింట్ తొమ్మిదికి ఎక్కి కూర్చుంది. 'సందీప్ గారు ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారు' అని రాశారొకరు.

కట్టు విప్పాక సందీపే బండెక్కాడు. మొదటి పార్శిల్ మామిడి వ్యాపారి పాండురంగారావు గారింటికి. సాయంత్రానికల్లా ఐడీ ఆగిపోయింది. సందీప్ పేరుతో వేరే ఎవరో తిరుగుతున్నారని వాళ్లావిడ హైమవతి ఫిర్యాదు పెట్టిందట. ఆవిడ దాన్ని రెండ్రోజుల్లో వెనక్కి తీసుకోకపోతే ఐడీ శాశ్వతంగా పోయినట్టే.

ప్రమీలారాణి కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లింది. తలుపు తీయగానే హైమవతి సందీప్‌కేసి వేలు చూపించి ప్రమీలారాణితో అంది.

"వీడేనండీ సందీప్ గారూ! మీ సంచి ఎత్తుకుపోయింది వీడే!"

"వాణ్ణి ఎత్తుకుని పెంచింది నేనండీ. సందీప్ వీడే. నేను వీళ్లమ్మని. కాలు విరిగితే వీడి బదులు తిరిగాను."

హైమవతి ఇద్దరి ముక్కులూ మార్చి మార్చి చూసింది. "ఈ రోజుల్లో పేర్లకి ఆడా మగా ఏముందిలే అనుకున్నానండీ. ఇప్పుడు కంపెనీకి ఏమని రాయను? నిజం రాస్తే మీరు దొరికిపోతారు."

"కళ్లద్దాలు పెట్టుకోక పోల్చుకోలేకపోయానని రాయండి."

"నాకసలు కళ్లద్దాలే లేవండీ."

"అందుకే పోల్చుకోలేకపోయారు."

హైమవతి నవ్వుకుంటూ అలాగే రాసింది. మర్నాడు ఐడీ తెరుచుకుంది. మొదటి ఆర్డరు ఆవిడదే. కింద ఓ సూచన: 'ఆవకాయలోకి మెంతులు వేయించాలా, పచ్చివే వేయాలా? అమ్మగారిని కనుక్కుని రావలెను.'

"అమ్మా, ఏం చెప్పమంటావ్?"

ప్రమీలారాణి అప్పటికే స్కూటీ తాళం తీసుకుని చెప్పులేసుకుంటోంది.

"మెంతుల సంగతి నోటిమాటతో తేలేది కాదురా. సంచి పట్టుకుని వెనక కూర్చో."