కృష్ణగిరికి రైలు

కేశవులు స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో బొమ్మరైలు పట్టాలు తుడుస్తున్నాడు. దుమ్ము పేరుకుంటే చక్రాలకు కరెంటు అందదు, ఇంజను దారి మధ్యలో మొరాయిస్తుంది. హోసూరుకు పెద్ద లైను పడిన కొత్తలో రైల్వే ఉద్యోగానికి ప్రయత్నించాడు. రాలేదు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, రైలునే ఇంటికి తెచ్చుకున్నాడు. మిద్దెమీది గదిలో చెక్కబల్ల నిండా పట్టాలు, కొబ్బరిపీచు చెట్లు, వాడేసిన టీపొడి ఎండబెట్టి చల్లిన నేల. ఆదివారాలన్నీ వాటికే.

"నా సవతికి స్నానం అయిందా?" అంటూ భార్య కెంచమ్మ కాఫీ పెట్టి, నవ్వుతూ నిలబడింది.

పక్కన కుర్చీలో తమలపాకుల సంచితో ఆమె తల్లి పచ్చయమ్మ. కృష్ణగిరి మనిషి. ఆమె చిన్నతనంలో ఆ ఊరికి రైలు వచ్చేది. తరవాత లైను ఎత్తేశారు.

"మా నాయన భుజాలమీద ఎక్కించుకొని చూపించినాడు. మళ్ళా ఒకసారి చూడాలప్పా" అని ఆమె అడిగినందుకే కేశవులు బల్ల చివర అట్టముక్కలతో కృష్ణగిరి స్టేషను కట్టాడు. ఆమె గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాక పని తొందరపెట్టాడు.

రైలు కదిలింది. స్టేషను ముందు మలుపులో చివరి పెట్టె పట్టా తప్పి బోర్లాపడింది. మళ్ళీ నడిపితే మళ్ళీ అంతే.

"నిజం రైలు గూడా ఇట్లే చేస్తాదా?" పచ్చయమ్మ పకపకా నవ్వింది.

"వంపు బిగుతుగా ఉండాదత్తా. పెట్టె గూడా తేలిక."

మలుపు ఊడదీసి వెడల్పుగా బిగించాడు. పెట్టె అడుగున ఇనుప నట్టు అంటించాడు. ఈసారి రైలు ఒదిగి తిరిగి, స్టేషనులో ఆగింది.

"కెంచీ, పోవద్దే! మన ఊరికి రైలొచ్చింది!" మెట్లవైపు నడిచిన కూతుర్ని ఆపి పచ్చయమ్మ చప్పట్లు కొట్టింది. రైలు వచ్చిన ప్రతిసారీ కొత్తగా మురిసింది.

కెంచమ్మ వంటకు దిగిపోయాక కేశవులు బల్ల కింద దూరి, వదులైన వైరు బిగిస్తున్నాడు.

"ఇంగొకసారి పోనీప్పా."

"ఇదిగో అత్తా."

కిందినుంచే స్విచ్చి నొక్కాడు. రైలు తిరిగిన చప్పుడు, ఆగిన చప్పుడు విన్నాడు. నవ్వు వినపడలేదు. లేచి చూశాడు. ఆమె తల కుర్చీకి ఆనించి ఉంది. ముఖంలో మురిపెం అట్లాగే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగల్లేదు. జారిన చేతిని మెల్లగా ఒడిలో సర్ది, కెంచమ్మను పిలిచాడు.

ఆగిన రైలు పక్కన, అట్ట ప్లాట్‌ఫారం మీద, ఈనె తీసి సున్నం రాసిన తమలపాకు ఒకటి, ఇంకా మడవకుండా ఉంది.