పేరు చూసి పెట్టించిన దండం

మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇదంతా ఆయన్ని తిట్టడానికే రాశానంటారు. కొంత తిట్టడానికే రాశాను.

విజయనగరం వైపు నుంచి బదిలీ మీద ఉదయగిరి దగ్గరున్న మా హైస్కూలుకు వచ్చాడు. అప్పటికి మా పిల్లలు ఇష్టమొచ్చినప్పుడు వచ్చేవాళ్లు, వచ్చాక కొట్టుకునేవాళ్లు. దైవభీతి ఉంటే దారికొస్తారని ఆయన నమ్మకం. రోజూ అసెంబ్లీలో సరస్వతీ పటానికి పూజ, హారతి, అందరూ చేతులు జోడించడం తప్పనిసరి అని నోటీసు పెట్టాడు. వేరే మతాల పిల్లలు గోడవార నిలబడొచ్చట. ఎవరిది ఏ మతమో ఒక్కరినీ అడగలేదు. అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకుని, పెద్దల పేర్లు చూసి రెండు జాబితాలు రాసేశాడు.

మా నెల్లూరు జిల్లాలో పేరు చూసి మతం చెప్పడమా! నాకు నవ్వొచ్చింది. నవ్వి ఊరుకున్నాను. సోషల్ టీచరునై ఉండి నోరు మెదపలేదు.

పదో తరగతి సారా వాళ్ల నాయన పేరు తిరుపాలు. ఆదివారం చర్చి మానని కుటుంబం. హెడ్మాస్టరు ఆ అమ్మాయిని పూజ వరసలో వేశాడు. హారతి వేళ సారా చేతులు కట్టుకుని మర్యాదగానే నిలబడింది.

"తిరుపాలు కూతురివి, నీకెందుకమ్మా ఈ వేషాలు?" అన్నాడాయన.

"మేం చర్చికి పోతాం సార్. నా పేరు సారా."

"ఈ రోజుల్లో సారా, తారా అని ఎవరైనా పెట్టుకుంటారు. చేతులు జోడించాకే క్లాసుకు రా."

రెండు రోజులు వరండాలో నిలబడింది. మూడో రోజు రాలేదు. వారమైనా రాలేదు. ఆత్మకూరు నుంచి బడికి వచ్చే బస్సులో నేను కూర్చుని ఉంటే, రోడ్డు పక్క మినప చేలో వాళ్లమ్మతో కలుపు తీస్తూ కనబడింది. బస్సు ఆపించి దిగాను.

"ఏందే, పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని ఇక్కడ ఉండావు?"

"మనసులో లేని దండం పెట్టలేను మేడం. బలవంతంగా పూజ చేయించకూడదని రాజ్యాంగం పాఠంలో మీరే చెప్పినారు కదా. అది పరీక్షకేనా?"

నా చెంప పగిలినట్టయింది. ఎండలో రెండు కిలోమీటర్లు నడిచి బడికి చేరేలోపు నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. వెళ్లీ వెళ్లగానే తల్లిదండ్రుల కమిటీని పిలవమని పట్టుబట్టాను. ఆయన ధీమాగా ఒప్పుకున్నాడు. కమిటీ చైర్మన్ చెంచమ్మ నిమ్మతోటల ఆసామి, పరమ భక్తురాలు. ఆవిడ తన వైపే ఉంటుందని ఆయన లెక్క. నిజం చెప్పాలంటే నా భయమూ అదే.

శనివారం మీటింగు మొదలవకముందే హుసేనయ్య లేచాడు. చెరువులో చేపలు పట్టే మనిషి, ఎనిమిదో తరగతి భవ్యశ్రీకి తాత. రిజిస్టరులో ఆ పిల్లకి పెద్దగా ఉన్నది ఆయన పేరే. నుదుట నిలువు నామం.

"నా మనవరాలు ఏం తప్పు చేసిందని గోడకి నిలబెట్టినారు సామీ?"

"తప్పు కాదు బాబూ. మీరు ముస్లిములు కదా, బలవంతపెట్టకూడదని..."

"ఎవరు, నేనా?" హుసేనయ్య తన నామం తడిమి చూసుకున్నాడు. "మా అవ్వ పేట దర్గాలో మొక్కుకుంటే పుట్టినాను, అందుకని ఆ పేరు పెట్టినారు. ఏటా పెంచలకోన గుడికి పోతాం మేము!"

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల్లోనే తిరుపాలు లేచాడు.

"మా నాయన తిరపతి కొండకి మొక్కుకుంటే పుట్టినాన్నేను. తర్వాత ఏసయ్యను నమ్ముకున్నాం. నాయన పెట్టిన పేరని మార్చుకోలా. దానికి నా బిడ్డ చదువు మానుకోవాల్నా?"

నవ్వులు ఆగిపోయాయి. హెడ్మాస్టరు ముఖం మాడిపోయింది. "పొరపాటే. జాబితాలు సరిచేస్తాను," అన్నాడు.

"తప్పు జాబితాలో లేదు సార్!" నేనూ లేచాను. "తప్పనిసరి అన్నారే, అదీ తప్పు. ఇది సర్కారు బడి. రాజ్యాంగం ఒప్పుకోదు. ఆ సంగతి ఆ బిడ్డకు తెలుసు, మనకే తెలీలేదు."

అందరూ చెంచమ్మ వైపు చూశారు. ఆవిడ తాపీగా కొంగు సర్దుకుంది.

"దీపం పెట్టందే కాఫీ తాగనయ్యా నేను. బిడ్డల్ని బెదిరించి దండం పెట్టించుకునే గతి ఆ చదువులతల్లికి పట్టలేదు. ఆ నోటీసు తీసేయాలనేవాళ్లు చేతులెత్తండి."

అన్ని చేతులూ లేచాయి.  చివరికి హెడ్మాస్టరు కూడా చెయ్యెత్తాడు. ఆ సాయంత్రమే తిరుపాలుతో కలిసి వాళ్లింటికి వెళ్లి, సోమవారం రమ్మని సారాను ఆయనే పిలిచాడు.

సోమవారం అసెంబ్లీలో పూజ బదులు ప్రతిజ్ఞ తర్వాత ఒక నిమిషం మౌనం పాటించాం. ఎవరిష్టం వాళ్లది. భవ్యశ్రీ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. పక్కనే సారా చేతులు కట్టుకుని నిలబడింది. ఆకాశం ఊడి పడలేదు.

పదో తరగతికి మొదటి పీరియడ్ నాదే. హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గరికి వచ్చాను.

"ప్రెజెంట్ మేడం!"

క్లాసంతా బల్లలు బాదుతూ ఒకటే అరుపులు. పక్క గది నుంచి లెక్కల సారు పరిగెత్తుకొచ్చాడు.

"ఏంది మేడం, ఏమైంది?"

"ఏం లేదు సార్," అన్నాను. "సారా బడికొచ్చింది."