తోక లేని అతిథి

నేను ఒక గాజు స్లైడును. వేలెడు పొడవు, దానికి తగ్గ వెడల్పు. నన్నెవరూ చూడరు, నాలోంచి చూస్తారు. అందుకు నాకేం బాధ లేదు. చూసేవాళ్ళ మొహాలు మాత్రం నాకు బాగా తెలుసు. మైక్రోస్కోపు మీద వంగి, ఒక కన్ను మూసి నోరు కాస్త తెరిస్తే ఎంతటి ప్రొఫెసరైనా చంటిపిల్లాడిలాగే ఉంటాడు.

కొలిమిలో కరిగి, పలకగా సాగి, ముక్కలుగా తెగి అట్టపెట్టెలోకి చేరాను. తోటివాళ్ళు చాలామంది ఆసుపత్రులకు వెళ్ళి మలేరియా రక్తం పూయించుకున్నారు. నేను ఒక పశువైద్య కళాశాలలో వసుధ అనే పరిశోధక విద్యార్థిని చేతికి చిక్కాను.

కొల్లేరు నత్తగుల్ల కొంగల పేగుల్లో ఆకులా పలచగా ఉండే ఫ్లూక్ అనే పురుగు కనిపించింది వసుధకు. పుస్తకంలో ఉన్న జాతికి రెండు వృషణాలూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఈమె చూసిన పురుగులన్నింటికీ పక్కపక్కన ఉన్నాయి. కొత్త జాతి దొరికిందని పిల్ల ఎగిరి గంతేసింది. పీహెచ్‌డీ అంతా దానిమీదే కట్టుకుంది.

గైడు దైవాధీనం గారు చూసి ముసిముసిగా నవ్వారు.

"ఎలా నొక్కావమ్మా వీటిని?"

"లోపలి భాగాలు కనిపించేలా రెండు స్లైడుల మధ్య పెట్టి, దారంతో కట్టి, ఫార్మలిన్‌లో వేశాను సార్. మన ల్యాబులో అందరూ అలాగే చేస్తారు కదా."

"చేస్తారు. అంత గట్టిగా నొక్కితే నేనూ కొత్త జాతినే అవుతాను."

నొక్కుడికి లోపలి అవయవాలు పక్కకు జరిగి ఉండొచ్చు. జన్యువులు చూస్తే నిజం తేలిపోతుంది గానీ ఫార్మలిన్ వాటిని పాడుచేస్తుంది. ఉన్న పురుగులన్నీ అందులోనే నానుతున్నాయి. వసుధ మొహం చూస్తే నాకే జాలేసింది.

ఇక తాజా పురుగు కావాలి. అడవి పక్షిని చంపకూడదు. రోజూ అటవీ శాఖ వాళ్ళకు ఫోను చేసేది. "పాపం, ఏ పక్షికీ ఏమీ కాకూడదండీ" అంటూనే, "అయితే మాత్రం ముందు నాకే చెప్పండి" అనేది. మనుషుల దయ ఇలాగే ఉంటుంది.

చివరికి గాలివానకు కరెంటు తీగలకు కొట్టుకున్న ఒక కొంగ ఐసుపెట్టెలో వచ్చింది. పేగంతా వెతికితే దొరికింది ఒకే ఒక్క పురుగు.

"తోక కొస కోసి జన్యు పరీక్షకు పంపు. మిగతాది స్లైడు మీద పెట్టు" అన్నారు దైవాధీనం గారు.

"ఉన్నది ఒక్కటే సార్!"

"అందుకే. ఒక పురుగు జన్యువులూ, ఇంకో పురుగు ఒళ్ళూ చూపిస్తే ఎవరమ్మా నమ్ముతారు?"

ఈసారి నొక్కలేదు. వేడినీళ్ళలో వేసి, తోక కోసింది. మిగతా ఒంటికి గులాబీ రంగు పట్టించి, జిగురుతో నా మీద అతికించింది. నాకూ ఒక అతిథి వచ్చాడు. తోక లేకపోతేనేం, సొగసుగాడు.

వృషణాలు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, అచ్చం పుస్తకంలోలాగే. వసుధ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నేను ఓదార్చలేను కదా.

తర్వాత జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. ఆ తోక పుస్తకంలోని జాతిది కాదు. ఇప్పటిదాకా తెలిసిన ఏ జాతిదీ కాదు.

"మరి ఒళ్ళు పాతదానిలాగే ఉందేంటి సార్?"

"ఉండదు. మన కన్నే ఎక్కడో తప్పింది. మళ్ళీ చూడు."

మధ్యాహ్నమంతా చూసింది. సాయంత్రానికి ల్యాబు అదిరేలా అరిచింది. "సార్! పొట్ట మీది చూషకం చూడండి!" పురుగు పేగును పట్టుకుని వేలాడే గుండ్రటి గిన్నె అది. దాని అంచు చీర కుచ్చిళ్ళలా మడతలు పడి ఉంది. పాత జాతికి ఆ మడతలు లేవు. ఫార్మలిన్ పురుగుల్లో నొక్కుడికి అవి సాఫైపోయాయి. లేని తేడాను చూపించిన ఆ నొక్కుడే ఉన్న తేడాను దాచేసింది.

దైవాధీనం గారు నా మీదికి వంగి చాలాసేపు చూశారు. లేచాక కళ్ళజోడు తుడుచుకున్నారు. తడిసింది కళ్ళజోడు కాదు.

ఇప్పుడు నేను మ్యూజియం బీరువాలో ఉంటున్నాను. ప్రపంచంలో ఎవరికి అలాంటి పురుగు దొరికినా నా అతిథితో పోల్చి చూసుకోవాల్సిందే. కొత్త జాతికి వసుధ తన గురువు పేరు పెట్టింది. ఆ పేరు పత్రికలో అచ్చయిన రోజున ఆయన తన భార్యను తీసుకొచ్చి నన్ను చూపించారు. ఆవిడ తీరిగ్గా చూసి తలెత్తారు.

"పేరు మీదేనా?"

"నాదే" అన్నారాయన గర్వంగా.

"పొట్ట మీద మడతలు కూడా మీవే."