గాదె గుమ్మం దాకా బంతిపూలు

అద్దాల మేడల్లో కూర్చున్న సట్టా దొరల్లారా! కంకి ఒలవడం చేతకాని మీరు మా గింజల మీద పందేలు కాశారు. తోమసా అవ్వను చంపింది మీరే. డాక్టరు కాగితం మీద ముసలితనం అని రాశాడు. అబద్ధం! ఆగస్టులో తన వంతు రొట్టెలు మనవరాళ్ల పళ్లెంలోకి తోసి, "నాకాకలి లేదే" అంటూ అంటూనే పోయింది. కూతురు ఒదీలియా కళ్లారా చూసింది.

అప్పుడు ఊరి బయట కంపెనీ ఇనప గాదెలు నిండుగానే ఉన్నాయి. ఆ మొక్కజొన్న ఊరిదే. కిందటేడు కోతలప్పుడు మేనేజరు వచ్చి, "ఇళ్లలో పురుగు పడుతుంది, మాకమ్మండి, కావాలన్నప్పుడు అదే ధరకు పట్టుకెళ్లండి" అన్నాడు. నమ్మారు. విత్తనానికని పొయ్యి మీద పొగలో వేలాడదీసే కంకుల్ని కూడా దించి ఇచ్చేశారు! కంపెనీ విత్తనం వేస్తే, అది ఆలస్యంగా కంకి తొడిగి సెప్టెంబరు మంచుకు మాడిపోయింది. అంతకు ముందే, జూలైలోనే, సరిహద్దు అవతల బజారులో పందెం పెరిగింది. ధర ఇంకా ఎక్కాలని గాదెలకు తాళం పడింది.

చచ్చినవాళ్ల పండుగ వచ్చింది. సమాధుల నుంచి ఇంటి దాకా బంతి రేకులు పరిస్తే, ఆ దారి వెంట, రొట్టె వాసన వెంట పోయినవాళ్లు వస్తారు. తోమసా అవ్వకిది మొదటి రాక. ముందురోజు ఒదీలియా పిండిమర దగ్గర ఆడవాళ్లు ఖాళీ బకెట్లతో నిలబడ్డారు. మర మోత లేదు.

"కొట్లో దొరికే సంచి పిండితో రొట్టెలు చేద్దాం" అంది పక్కింటి రుఫీనా.

"ఆ అట్టముక్కలా? మా ఆయన బతికుండగానే ముట్టలేదు, ఇప్పుడు తింటాడా?" అందొక ముసలామె. నవ్వారు. నవ్వు నిలవలేదు.

"రేపు లారీలట. గాదెలన్నీ ఊడ్చి రేవుకి తోలతారట."

"సర్కారుకి అర్జీ పెట్టాంగా?"

"మూడు పెట్టాం. వ్యాపారంలో వేలు పెట్టం అన్నారు. మన నోటికాడ కూట్లో మాత్రం పెడతారు."

ఒదీలియా పూలబుట్ట చంకనెత్తుకుంది. "వదినా, మా అమ్మ ఇంటికొచ్చి చూసేదేంటి, ఆరిన పొయ్యా? గింజ ఎక్కడుంటే అక్కడికే పిలుద్దాం."

రుఫీనా బిత్తరపోయింది. "పాపం కదే! దారి తప్పిస్తామా?"

"తప్పించింది మనమా, వాళ్లా?"

తెల్లారేసరికి సమాధుల నుంచి రేకుల దారి ఏ గడపకూ మళ్లలేదు. తిన్నగా గాదె గేటుకు పోయింది. గేటుకడ్డంగా పదిహేడు ఖాళీ పళ్లేలు, ఈ ఏడు పోయినవాళ్లవి. ఒక్కొక్క పేరూ పిలిచారు. సాంబ్రాణి పొగ గాలి లేకుండానే గేటు వైపు వంగింది. లోపల, మూసిన గాదెలో, గింజలు జారిన చప్పుడు. అందరూ విన్నారు.

నిండు లారీ గేటు దాకా వచ్చి ఆగింది.

"తొక్కించరా!" మేనేజరు అరిచాడు.

డ్రైవరు దిగి టోపీ తీశాడు. "నావల్ల కాదయ్యా."

"పూలురా అవి!"

"మీకు."

కాపలావాడు నికాసియో ఊరివాడే. తుపాకీ ఎత్తాడు.

"ఏరా నికాసియో" అంది ఒదీలియా, "మూడో పళ్లెం మీ నాన్నది. దాటొచ్చి కాల్చు."

వాడు తుపాకీ కింద పెట్టి, పళ్లేల అంచున జాగ్రత్తగా అడుగేసి, ఇవతల జనంలో నిలబడ్డాడు.

మధ్యాహ్నం పోలీసులొచ్చారు. పైఊరివాళ్లు, వాళ్లకు దారీ లేదు, పళ్లెమూ లేదు. రేకుల మీదుగానే ఒదీలియాను ఈడ్చుకుపోయారు. వ్యాను కదలగానే రుఫీనా బుట్ట అందుకుంది. పాపమన్న మనిషే, వ్యాను వెనకాల రేకులు చల్లుకుంటూ నడిచింది. జనం నడిచారు. ఇప్పుడు దారి రెండు పాయలైంది. ఒకటి గాదెకు, ఒకటి ఠాణాకు. పోయిన పదిహేడుగురూ రెండు చోట్లా నిలబడి ఉన్నారు.

లారీ అక్కడే ఉంది. గాదెలు తెరవండి. ఒదీలియాను వదలండి. ఏ కంపెనీ ఎంత గింజ దాచిందో ఊరి నడిమధ్య చదివి వినిపించండి. పండించనివాడు, తిననివాడు తిండి మీద పందెం కాస్తే జైలని చట్టం రాయండి, సరిహద్దుకు ఇటూ అటూ కూడా. పళ్లేలు ఖాళీగా ఉన్నాయి. రేపు కాదు, ఇవాళ!