తలగడ పీల్చిన గాలి

గోపాలస్వామి గురక సంగతి తెలియని మనిషి మద్రాసు చూలైలో ఉంటే, ఆ మనిషి నిన్ననే ఊళ్ళో దిగి ఉండాలి. ఆయన గురక పెడితే వ్యాసర్పాడి రైల్వే యార్డులో షంటింగు ఇంజను తిరిగి కూత వేసేదట. ఒకసారి ఏది ఇంజనో ఏది ఈయనో తేల్చుకోలేక గార్డు పచ్చజెండా ఊపేశాడట. పక్కింటి పిల్లి ఈనడానికి కూడా ఆ గురక ఆగిన నిమిషం కోసమే కాచుకుని ఉందట. ఇందులో ముప్పాతిక అబద్ధం. ఆగిన నిమిషం మాత్రం నిజం. గురకతోపాటు ఊపిరీ ఆగేది.

తొంభై ఎనిమిదిలో, దీపావళి వానలు పట్టుకున్న వారంలో, ఆయన లేత్ మిషను ముందు నిలబడే కునికాడు. తిరిగే మిషను చొక్కా చేతిని లాక్కుంది. గుడ్డ పోయి చెయ్యి మిగిలింది. ఇరవై రెండేళ్ళుగా పని ఇస్తున్న యజమాని కోదండరాం ఆ రోజే తేల్చేశాడు.

“సామీ, నిద్రజబ్బు నయమైందని డాక్టరు కాయితం ఎత్తుకోని రా. అందాక ఈడ కాలు పెట్టబాకు. నీ చెయ్యి తెగి పడితే చూసే గుండె నాకు లేదు.”

ఒక ధర్మాసుపత్రిలో ఒంటినిండా వైర్లు తగిలించి పడుకోబెట్టి చూశారు. గంటకు నలభైసార్లు ఊపిరి ఆగుతోందన్నారు. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక నిద్రలో గుండె కూడా ఆగుతుందని డాక్టరు మెల్లగా చెప్పాడు. దానికి మందు లేదు, మిషను ఉంది. ముక్కుకు మాస్కు కట్టుకుంటే అది గొట్టంలోంచి గాలి ఊది గొంతు మూసుకోకుండా చూస్తుంది. నెల రోజులకు ఇస్తారు. గుణం కనబడితే ఆసుపత్రి ట్రస్టువాళ్ళు సొంతంగా ఒకటి తెప్పించి పెడతారు, కనబడకపోతే వెనక్కి తీసుకుని తరువాతి మనిషికి ఇస్తారు.

“దీంట్లో గంటలు లెక్కపెట్టే మీటరుండాదన్నా. ఎంతసేపు ఆడిందో మాకు తెలిసిపోతాది,” అంది నర్సు సెలీనా మిషను చేతికిస్తూ. పక్కనున్న నీళ్ళ డబ్బీ గురించి, దాని కింద వేడిచేసే పళ్ళెం గురించి, సున్నా నుంచి ఐదు దాకా వేడి పెంచే నాబు గురించి కూడా చెప్పింది. అప్పటికే ఆయన కునుకుతున్నాడు.

ఇంటికొచ్చాక భార్య పంకజం డబ్బీలో నీళ్ళు పోయబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“వానాకాలంలో ముక్కుకి నీళ్ళు పట్టిస్తావా మే? జలుబు చేసి చస్తా. మద్రాసు గాలి పిండితే బిందెడు నీళ్ళు కారతాయి, ఇంకా దీనికి వేరే పొయ్యాల్నా?”

పంకజానికీ నిజమే అనిపించింది. చినుకు పడితే పిల్లల నెత్తికి గుడ్డ కట్టి, జలుబంటే తడే అని నమ్మి పెరిగిన ఇల్లు అది. డబ్బీ తుడిచి ఆరబెట్టింది. నాబు సున్నా మీదికి తిప్పింది.

పొడిగాలి ఈదురుగాలిలా ముక్కులోకి కొట్టింది. అరగంటలో ముక్కు మంట పుట్టింది, గంటకల్లా వాచి, బస్తా మూతి కుట్టినట్టు మూసుకుపోయింది. మాస్కు పీకి పారేశాడు. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. ‘చూశావా, ఒక్క చుక్క నీళ్ళు పొయ్యకుండానే ఇంత జలుబు, పోసుంటే ఏమయ్యేదో’ అనుకున్నాడు.

అయిదోనాడు బావమరిది సుందరం వచ్చాడు. సౌకార్‌పేటలో గుమాస్తా. తెలివి ఎక్కువై, ఎదురుపడిన వాళ్ళకల్లా పంచుతూ తిరిగే రకం.

“బావా, వాళ్ళు చూసేది మీటరునే గదా, నీ ముక్కునా? మాస్కుని తలగడకి కట్టి ఆడనీ. జలుబు తగ్గినాక నువ్వు పెట్టుకుందువు. మధ్యలో గంటలు తక్కువైతే మిషను పెరుక్కోని పోతారు.”

“తప్పు గదరా,” అంది పంకజం.

“తప్పేందక్కా, గాలికి కూడా పాపముంటాదా?”

ఆ రాత్రి నుంచి చూలైలో అంత ఆరోగ్యంగా ఊపిరి తీసిన తలగడ ఇంకోటి లేదు. ఎనిమిదేసి గంటలు మాస్కు కట్టుకుని హాయిగా పడుకుంది. పక్కన గోపాలస్వామి గొంతు మూసుకుపోతూ, అదిరిపడి లేస్తూ, మళ్ళీ పడుతూ ఉన్నాడు. జలుబు తగ్గాక పెట్టుకుందామని చూస్తే, పెట్టుకున్నప్పుడల్లా జలుబు తిరిగొచ్చేది.

ఇరవై అయిదోనాడు తట్టుకోలేక ముక్కులో చుక్కలమందు కోసం ఆసుపత్రికి వెళ్ళాడు. సెలీనా ముక్కు చూసి, “నీళ్ళు ఎంత దాకా పోస్తా ఉండావన్నా?” అని అడిగింది.

“నీళ్ళా? చుక్క కూడా పొయ్యలా.”

ఆమె నెత్తి కొట్టుకుంది. “అయ్యో! పొడిగాలికే ముక్కు వాచేది. కాచి చల్లార్చిన నీళ్ళు పొయ్యి, నాబు మూడు మీద పెట్టు.”

తలగడ సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాడు.

ఆ రాత్రి ముక్కు తెరుచుకుంది గానీ, గొట్టం గుడగుడమంది. కాసేపటికి చల్లటి నీళ్ళు ముక్కులోకి కారి ఉక్కిరిబిక్కిరయ్యాడు. మర్నాడు పంకజమే పరిగెత్తి సెలీనాను అడిగి వచ్చింది. వేడి ఆవిరి చల్లటి గొట్టంలో నీరవుతోందట. గొట్టాన్నే వేడిగా ఉంచే ఏర్పాటు ఈ మిషనులో లేదు. ఫ్యానుగాలి తగలనివ్వకుండా ఉన్నిగుడ్డ చుట్టి, నాబు రెండుకు తగ్గించమందట. మార్గళి నెల చలికని బీరువాలో దాచిన మఫ్లరు తీసి గొట్టానికి ఈ కొస నుంచి ఆ కొస దాకా చుట్టింది.

గోపాలస్వామి పడుకున్నాడు. పాలవాడి సైకిలు గంటకు కళ్ళు తెరిచాడు. తల బరువు లేదు. నోరు ఎండలేదు. ఎన్నో ఏళ్ళ తరువాత కల కూడా వచ్చింది, అదేమిటో గుర్తు కూడా ఉంది. అలాంటి రాత్రులు నాలుగు గడిచాయి.

ముప్పయ్యోనాడు ఇద్దరూ మిషను పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు మీటరు చూశాడు: నూట తొంభై ఎనిమిది గంటలు. రక్తపరీక్ష కాగితం చూశాడు, రక్తపోటు చూశాడు, మళ్ళీ మీటరు చూశాడు. ఇన్ని గంటలు గాలి పట్టినా ఒంట్లో ఏ మార్పూ లేదని, ఈ వైద్యం ఈ ఒంటికి పడలేదని అన్నాడు.

గోపాలస్వామి బల్ల మీదికి వంగాడు. “లేదు సార్. నేను పెట్టుకున్నది నాలుగు రోజులే. మిగతా గాలంతా తలగడ పీల్చింది. ఇప్పుడే ముక్కు దారిలో పడింది సార్. ఇంకొక్క నెల ఇయ్యండి.”

డాక్టరు కలం ఆపి ఆయన్ని తేరిపార చూశాడు. పెట్టుకోనివాళ్ళు పెట్టుకున్నామనడం రోజూ వింటానని, పెట్టుకున్నవాడు పెట్టుకోలేదనడం ఇదే మొదటిసారని అన్నాడు. మాటలో ఎగతాళి లేదు, అలసట ఉంది. ట్రస్టుకు మాటలు పంపలేడు, మీటరు అంకెనే పంపాలి. ‘ఫలితం లేదు’ అని రాసి సంతకం పెట్టాడు.

“మొన్న ముక్కు చూపించినప్పుడైనా ఒక్క మాట చెప్పుంటే అన్నా...” అంది సెలీనా. గొట్టానికి చుట్టిన మఫ్లరు విప్పి, మడిచి, పంకజం చేతిలో పెట్టింది. బెంచీ మీద కూర్చున్న ఒక లావుపాటి మనిషిని లోపలికి పిలిచింది.

ఆటోలో ఎక్కాక గోపాలస్వామి, “కోదండరాంకి ఏం జెప్పేది?” అన్నాడు. మాట పూర్తయ్యేసరికే ఆయన తల పంకజం భుజం మీద వాలింది. ఎక్కడ కూర్చుంటే అక్కడే వచ్చే పాత నిద్ర అది. గురక మొదలైంది, పెరిగింది, ఠక్కున ఆగింది.

పంకజం వేలు ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఏమీ తగల్లేదు. భుజం పట్టి కుదిపింది. “ఊపిరి తియ్యి. ఏమయ్యా, ఊపిరి తియ్యి.”

ఆయన పెద్దగా ఒక్కసారి గాలి లాగి మళ్ళీ వాలిపోయాడు.

ఆటో మనిషి అద్దంలోంచి చూశాడు. “ఏందమ్మా, ఒళ్ళు బాగలేదా? ఆసుపత్రికి తిప్పమంటావా?”

“ఆడ్నించే వస్తా ఉండాం,” అంది పంకజం. “నువ్వు పోనీ నాయనా.”

గురక మళ్ళీ ఆగింది. ఆమె మళ్ళీ కుదిపింది.