రిజిస్టరులో భాగ్యవతి వయసు

బడి తెరిచిన మూడో రోజున ఇన్నమ్మ తన చిన్నకూతురు మగ్దలేనమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పెద్దకూతురు భాగ్యవతి పోయి అప్పటికి నెల కూడా కాలేదు. ఇన్నమ్మకి చెప్పవలసిన మాట ఒకటి ఏడాదిగా నా దగ్గరే ఉండిపోయింది.

"దండాలండి మాస్టారూ. దీన్ని కూడా బళ్ళో వేసుకోండి."

అడ్మిషన్ రిజిస్టరు తీశాను. కలం తీశాను. రాయలేకపోయాను.

పన్నెండేళ్ళ కిందట ఇదే బల్ల ముందు భాగ్యవతి నిలబడింది. ముసునూరు చుట్టూ మామిడి తోటల్లో పనిచేసే పేటవాళ్ళు పుట్టిన తేదీలు చెప్పలేరు. చర్చి పుస్తకంలో ఉంటాయి. కానీ వాళ్ళు తెచ్చేవారు కాదు, మేము అడిగేవాళ్ళం కాదు. జూన్ ఒకటి అని వేసేవాళ్ళం. మా రిజిస్టరు చూస్తే సగం పేట ఆ రోజే పుట్టినట్టుంటుంది.

"ఏడేళ్ళుంటాయండి," అంది ఆనాడు ఇన్నమ్మ.

నేను అయిదు అని రాశాను. "రేపు ఉద్యోగం వస్తే రెండేళ్ళు ఎక్కువ చేస్తుందమ్మా," అన్నాను. అందరు మాస్టర్లూ చేసే పనే. పిల్ల అప్పటికే చర్చిలో అక్షరాలు నేర్చుకుంది కాబట్టి నేరుగా రెండో తరగతిలో కూర్చోబెట్టాను. ఒకేసారి రెండు మేళ్ళు చేశాననుకున్నాను.

భాగ్యవతి నూజివీడులో ఇంటర్ చదివింది. ఆ పేట నుంచి కాలేజీకి వెళ్ళినవాళ్ళు నలుగురు. టీచర్ ట్రైనింగ్ ఎంట్రన్స్ రాస్తామంటే ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మా వసారాలో పాఠాలు చెప్పేవాణ్ణి. మిగతా ముగ్గురూ ఏ ఉద్యోగమైనా సరేననేవారు. ఈ పిల్ల మాత్రం, "మా పేటలో పుట్టి బడిలో పాఠం చెప్పినవాళ్ళు ఒక్కళ్ళు కూడా లేరండి. ఒకటో క్లాసే చెబుతాను," అనేది.

"పెద్ద క్లాసులు వద్దా?"

"ఒకటో క్లాసులోనేగా మాస్టారూ, మావాళ్ళు బడి మానేసేది."

ఎంట్రన్స్ అప్లికేషన్ ఇవ్వడానికి నేనే దాన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా టెన్త్ సర్టిఫికెట్ చూసి కాగితాలు వెనక్కి నెట్టాడు.

"పదిహేడు నిండాలండి. ఈ అమ్మాయికి పదహారే."

"అసలు వయసు పద్దెనిమిదండీ."

"అసలు వయసుతో నాకేం పనండీ? ఇందులో ఉన్నదే వయసు. మార్చాలంటే కోర్టుకెళ్ళండి, అది తేలేలోగా ఎలాగూ నిండుతుంది." అతను నవ్వాడు. "అయినా అంత తగ్గించి రాసిన మహానుభావుడు ఎవరండీ?"

నేను తల వంచుకున్నాను. భాగ్యవతి నావైపు ఒకసారి చూసింది. కాగితాలు తీసుకుని, "ఏడాదేగా మాస్టారూ. పదండి, బస్సు పోతుంది," అంది.

ఇన్నమ్మకి మాత్రం, "ఆఫీసులో ఏదో పొరపాటు జరిగింది. వచ్చే ఏడు తప్పకుండా సీటు వస్తుంది," అని చెప్పాను.

ఆ ఏడాదీ భాగ్యవతి ఆదివారాలు మానలేదు. ఎండాకాలం రాగానే తల్లితో పాటు తోటకి వెళ్ళింది. కాయలు ఏరి, గంపల్లో గడ్డి పరిచి సర్దే పని. తోట కొన్న షావుకారు లక్ష్మీనరసింహారావు, "పంతులమ్మా, గడ్డి దళసరిగా వెయ్యి! దెబ్బ తగిలితే కాయలు నీకు పాఠం చెబుతాయి," అని ఆటపట్టించేవాడట. అది చెప్పి తనే నవ్వేది.

మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. గాలి ఆగకముందే రాలిన కాయలు ఏరడానికి కూలీలంతా పాకలోంచి పరుగెత్తారు. నీళ్ళలో నానితే కాయ మచ్చపడుతుంది. పిడుగు పడింది. అందరిలోకీ ముందు వెళ్ళింది భాగ్యవతి.

ఆ ఏడాదంతా అది ట్రైనింగ్ స్కూల్లో ఉండవలసింది.

"మాస్టారూ, రాయరేంటండి?" అంది ఇన్నమ్మ.

కలం కింద పెట్టాను. "ఇన్నమ్మా, ఆఫీసులో పొరపాటేమీ జరగలేదు. ఆనాడు దాని వయసు నేను రెండేళ్ళు తగ్గించి రాశాను చూడు. అందుకే పోయినేడు సీటు రాలేదు. నీతో అబద్ధం చెప్పాను."

మగ్దలేనమ్మ బల్ల అంచు మీద వేలితో గీతలు గీస్తోంది.

"తెలుసండి," అంది ఇన్నమ్మ. "ఆ రోజే చెప్పిందది. నాకు కోపం రాలేదని అననండి. వచ్చింది. మీ దగ్గరికి బయల్దేరాను కూడా. అదే అడ్డం పడింది. మాస్టారితో అనొద్దే అమ్మా, అంటే ఇంక ఆదివారం పాఠం చెప్పలేరు అంది."

కొంగుముడి విప్పి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టింది. "చెల్లిని బళ్ళో వేసేటప్పుడు ఇమ్మంది. కోతలకి ముందే చర్చికి వెళ్ళి రాసుకొచ్చింది."

చర్చి పుస్తకంలోంచి దించుకున్న మగ్దలేనమ్మ వివరాలు. పేరు, తల్లిదండ్రులు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ. కింద ఫాదర్ సంతకం ఉంది. పైన ఉన్న రాత భాగ్యవతిది. నేను దిద్దించిన గుండ్రటి అక్షరాలే.

ఒకటి, రెండు, మూడుసార్లు చదివాను. ఆ తేదీని ఉన్నదున్నట్టు రిజిస్టరులోకి ఎక్కించాను. ఏడేళ్ళు.

"ఏ క్లాసండి?" అంది ఇన్నమ్మ.

"ఒకటో తరగతి," అన్నాను.

కాగితం తిరిగి ఇవ్వబోయాను. ఆమె ముందే కొంగు ముడివేసుకుంది. "మీ దగ్గరే ఉంచండి," అని పిల్లని నా ముందు వదిలి వెళ్ళిపోయింది.